కొల్లేటికి చేరే డ్రెయిన్‌లోకి డెయిరీ శుద్ధిజలం వదలడానికి మండలి అనుమతి: ఏది ముందు, ఏది తరువాత?

పాడిపంట_ఏలూరు

సభ్యులకు నమస్కారం. మేము నలుగురు భాగస్వాములం కలిసి ఏలూరు జిల్లాలో రోజుకు 20,000 లీటర్ల సామర్థ్యంతో డెయిరీ పెట్టే ప్రయత్నంలో ఉన్నాము. పాల ప్యాకెట్లు, పెరుగు ప్రధానం. వారంలో కొన్ని రోజులు పన్నీరు కూడా తీయాలని ఉంది. మేము చూసిన స్థలానికి ముందు రోడ్డు దాటితే పంట కాలువ, వెనుక హద్దు వెంబడి డ్రెయిన్ ఉన్నాయి. ఆ డ్రెయిన్ మరో పెద్ద డ్రెయిన్‌లో కలిసి చివరికి కొల్లేటికి చేరుతుంది. ఈటీపీలో (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటులో) శుద్ధి చేసిన నీటిని ఆ డ్రెయిన్‌లోకి వదలడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఎలా పొందాలో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

"అది మురుగు కాలువే కదా, దానికి కూడా అనుమతి ఎందుకు" అని కొందరు అంటున్నారు. "దరఖాస్తు పెట్టి నాలుగు నెలలు ఊరుకుంటే అనుమతి వచ్చినట్టే" అని ఇంకొందరు అంటున్నారు. ఈ మాటల్లో నిజమెంత? స్థలానికి అగ్రిమెంటు అయింది కానీ రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు.

విశ్రాంత_ఇంజనీరు

రిజిస్ట్రేషన్ కాకముందే అడిగినందుకు సంతోషం. చాలామంది గోడలు లేచాక వస్తారు. అప్పటికి పైపు ఎటు పెట్టాలన్నది తప్ప మార్చడానికి ఇంకేమీ మిగలదు.

మొదటి మాటకు జవాబు చట్టంలోనే ఉంది. 1974 నాటి జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం నది ఒక్కదానికే వర్తించేది కాదు. సెక్షన్ 2లో ప్రవాహం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో నదులు, పారుతున్నవైనా ప్రస్తుతానికి ఎండిపోయినవైనా వాగులు, సహజమైనవైనా మనిషి తవ్వినవైనా లోతట్టు జలాలు, భూగర్భ జలాలు అన్నీ చేరతాయి. కాబట్టి ప్రభుత్వం తవ్వించిన మీ వెనుక డ్రెయిన్ కూడా చట్టం దృష్టిలో ప్రవాహమే. సెక్షన్ 25 ప్రకారం మండలి ముందస్తు అనుమతి లేకుండా అందులోకి వ్యర్థజలం వదలకూడదు. అంతకన్నా ముఖ్యంగా, వదిలే అవకాశమున్న పరిశ్రమను నెలకొల్పడానికి కూడా ఏ చర్యా మొదలుపెట్టకూడదు.

మన రాష్ట్రంలో ఇది రెండు మెట్లలో నడుస్తుంది. పునాది తీయకముందు తీసుకునేది స్థాపన అనుమతి, అందరూ సీఎఫ్‌ఈ అంటారు. కట్టడం, యంత్రాలు, ఈటీపీ పూర్తయ్యాక ఉత్పత్తి మొదలుపెట్టకముందు తీసుకునేది నిర్వహణ అనుమతి, అంటే సీఎఫ్‌ఓ. మీకు బాయిలరు ఉంటుంది కనుక 1981 నాటి వాయు చట్టం కింద ఇవ్వవలసిన అనుమతి కూడా ఇదే ఉత్తర్వులో కలిసి వస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఫీజు మీ పెట్టుబడిని బట్టి ఉంటుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో డెయిరీలు లేవు కనుక ప్రజాభిప్రాయ సేకరణ అవసరం రాదు. కాలుష్యం స్థాయిని బట్టి పరిశ్రమకు ఇచ్చే వర్గం సంగతి కూడా ముందే చూసుకోండి. కేంద్ర మండలి 2016లో ఇచ్చిన వర్గీకరణలో చిన్న తరహా పాల ఉత్పత్తుల యూనిట్లు నారింజ వర్గంలోనూ, సమగ్ర ప్రాజెక్టులు ఎరుపు వర్గంలోనూ ఉండేవి. మీ దరఖాస్తు ఏ స్థాయి కార్యాలయానికి వెళుతుందన్నది దీని మీదే ఆధారపడుతుంది.

ఇక అసలు విషయం. పంట కాలువ వైపు కన్నెత్తి చూడకండి. డెల్టాలో ఊరి మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువలతోనే. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో డెయిరీలకు ప్రత్యేకంగా ఇచ్చిన ప్రమాణం ప్రకారం బీఓడీ (నీటిలోని సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులు కుళ్ళబెట్టడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. కానీ ఆ నీరు చేరే జలవనరు తాగునీటికి ఆధారమైతే దాన్ని 30 వరకు బిగించవచ్చని అక్కడే ఉంది. అన్ని పరిశ్రమలకూ వర్తించే సాధారణ ప్రమాణంలో కూడా లోతట్టు ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి 30 అనే రాశారు. సీఓడీ (మలినాన్ని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 250, తేలియాడే ఘనపదార్థాలు 100, నూనె, గ్రీజు 10, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. డ్రెయినే అయినా అది కొల్లేటికి చేరుతుందంటున్నారు కాబట్టి 100 దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకుండా 30కే డిజైను చేయించండి. మండలికి ప్రమాణాన్ని బిగించే అధికారం ఉంది, సడలించే అధికారం లేదు.

డ్రెయిన్_పక్క_రైతు

అయ్యా, నాది కొల్లేటి ఎగువన అలాంటి డ్రెయిన్ మీదే ఆధారపడిన పొలం. మురుగు కాలువ అనే మాట కాగితం మీది మాట. సాగునీరు అందని ఏడాది ఆ డ్రెయిన్‌లో ఇంజన్లు వేసి నారుమళ్ళు తడుపుకున్నాము. గేదెలు అందులోనే దిగుతాయి, చేపల చెరువులవాళ్ళు దాని నీళ్ళే తోడుకుంటారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు డ్రెయిన్‌లో మోకాలి లోతు కూడా ఉండదు. మీరు రోజూ వదిలే నీరు వానాకాలంలో కనిపించకపోవచ్చు కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆ డ్రెయిన్‌లో పారేది మీ నీరే అవుతుంది. కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అక్కడికి చేరిన మురికి తొందరగా పోదు.

డెయిరీ వస్తే మా పాలకు ధర వస్తుందని మాకూ తెలుసు, వద్దని అనడం లేదు. మాకు తెలియకుండా అనుమతి తీసుకుని, వాసన వచ్చాక మేము అడిగితే "మండలి ఒప్పుకుంది" అని ఉత్తర్వు చూపించే పద్ధతి మాత్రం వద్దంటున్నాను.

పాడిపంట_ఏలూరు

రైతు గారూ, మీరు చెప్పిన వేసవి సంగతి మా ఆలోచనలో అసలు లేదు, తెలియజేసినందుకు ధన్యవాదాలు. ఇంజనీరు గారూ, మాకు కన్సల్టెంటు ఇచ్చిన ముసాయిదాలో రోజుకు 60 కిలోలీటర్ల వ్యర్థజలం అని రాసి ఉంది. ఆ అంకె సరైనదేనా? ఈటీపీకి ఇచ్చిన అంచనా ఖర్చు మాకు చాలా ఎక్కువగా కనిపిస్తోంది.

ఈటీపీ_నిర్వాహకుడు

నేను డెయిరీ ఈటీపీలే నడుపుతుంటాను కనుక ఈ ప్రశ్నకు నేను జవాబిస్తాను. డెయిరీ ప్రమాణంలోనే, శుద్ధి చేసే ప్రతి కిలోలీటరు పాలకు వ్యర్థజలం 3 కిలోలీటర్లు దాటకూడదని పరిమితి ఉంది. 20 కిలోలీటర్ల పాలకు 60 అన్న అంకె అక్కడి నుంచే వచ్చింది. అంటే అది గరిష్ఠ పరిమితి, మీ అవసరం కాదు. దాన్నే అవసరంగా రాసుకుంటే ట్యాంకులన్నీ ఆ కొలతకే కడతారు, నీటిని పొదుపు చేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

అయితే నీటి పరిమాణం కన్నా అందులో పోయే పాలే పెద్ద సమస్య. పాల బీఓడీ లీటరుకు లక్ష మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంటే నేలపాలైన ప్రతి లీటరు పాలు 100 గ్రాముల బీఓడీ. మీ 20,000 లీటర్లలో నూటికి ఒక్క వంతు, అంటే 200 లీటర్లు, క్యాన్లు వంపేచోట, పైపుల్లో, చిరిగిన ప్యాకెట్లలో పోయిందనుకోండి. 20 కిలోల బీఓడీ ఈటీపీకి వస్తుంది. దాన్ని 60 కిలోలీటర్ల నీటిలో కలిపితే అదొక్కటే లీటరుకు 330 మిల్లీగ్రాములు దాటుతుంది. పన్నీరు తీయగా మిగిలే విరుగుడు నీళ్ళ బీఓడీ లీటరుకు 30,000 నుంచి 50,000 వరకు ఉంటుంది. 500 లీటర్ల విరుగుడు నీళ్ళు కాలువలో పోస్తే 200 లీటర్ల పాలు పోసినట్టే. ఇంత బరువు లోపలికి పంపి, బయటికి వచ్చే నీటిలో 30 చూపించాలంటే 60 కిలోలీటర్లకు మిగలవలసిన బీఓడీ మొత్తం రోజుకు 1.8 కిలోలే.

కాబట్టి ఈటీపీ ఖర్చు తగ్గించుకోవలసింది ఈటీపీలో కాదు, ఉత్పత్తి హాలులో. పైపులను నీటితో కడిగే ముందు అందులో మిగిలిన పాలను వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయించండి. మొదటి కడుగును విడిగా పట్టండి. విరుగుడు నీళ్ళు ఒక్క బొట్టు కూడా ఈటీపీకి రాకుండా విడి ట్యాంకు పెట్టి, పశువుల దాణాకు తీసుకెళ్ళేవారితో ముందే ఒప్పందం రాసుకుని, ఆ ఒప్పందం నకలు దరఖాస్తుకు జతచేయండి. ఆ తరువాత కడుగుడు రసాయనాల సంగతి చూడాలి. సీఐపీలో (యంత్రాలు, పైపులను విప్పకుండా లోపలే కడిగే పద్ధతిలో) కాస్టిక్ సోడా, నైట్రిక్ ఆమ్లం ఒకదాని వెంట ఒకటి పారతాయి. అవి నేరుగా, గాలి కొట్టి శుద్ధి చేసే ఏరేషన్ ట్యాంకులో పడితే అందులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మళ్ళీ పెరగడానికి రోజులు పడుతుంది. అందుకే జిడ్డును ఆపే గ్రీజు ట్రాపు తరువాత, ఒక రోజు నీరంతా పట్టి కలిపి సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంకు కావాలి. కన్సల్టెంట్లు ఖర్చు తగ్గించమంటే మొదట కోసేది దీన్నే, దయచేసి దీన్ని కోయనివ్వకండి. లోపల గాలి కొట్టకుండా నిలవ ఉంచితే పాలలోని చక్కెర పులిసి ఆమ్లమవుతుంది, వాసన అక్కడే మొదలవుతుంది.

న్యాయపథం

నాలుగు నెలల మాట గురించి రాస్తున్నాను. సెక్షన్ 25(7)లో ఆ నిబంధన నిజంగానే ఉంది. మండలి ఈలోపు ఇవ్వకపోయినా నిరాకరించకపోయినా, దరఖాస్తు చేసిన నాటి నుంచి నాలుగు నెలలు గడిస్తే అనుమతి ఇచ్చినట్టుగానే భావించాలి. కానీ ఆ వాక్యంలో "అన్ని విధాలా సంపూర్ణమైన దరఖాస్తు" అన్న షరతు ఉంది. నీటి లెక్క కుదరకపోయినా, వదిలే చోటు పటంలో లేకపోయినా, మండలి అడిగిన వివరణకు జవాబివ్వకపోయినా దరఖాస్తు సంపూర్ణం కాదు, గడువు మొదలైందని మీరు వాదించలేరు. పైగా డ్రెయిన్ గట్టు జలవనరుల శాఖది. గట్టు కోసి పైపు దించడానికి ఆ శాఖ డ్రెయిన్ల విభాగం ఇంజనీరు అనుమతి విడిగా తీసుకోవాలి, దానికి ఈ నాలుగు నెలల నిబంధనతో సంబంధం లేదు.

నిరాకరిస్తే ఏమిటన్నది కూడా తెలుసుకోండి. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. సెక్షన్ 28 కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఆ పైన జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలకూ దాని దక్షిణ ప్రాంత బెంచి చెన్నైలో ఉంది. అయితే అప్పీలులో గెలిస్తే చాలనుకోవద్దు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపు నూనె పరిశ్రమ పెట్టబోయిన ఒక సంస్థకు మన మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలు అధికారి ఆ సంస్థ పక్షాన తీర్పు చెప్పారు, హైకోర్టు కూడా అనుమతి ఇమ్మంది. సుప్రీంకోర్టు 1999లో ఒకసారి, 2000 డిసెంబరులో మరొకసారి విచారించి చివరికి మండలి నిరాకరణనే నిలబెట్టింది. హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమ పెట్టేవారిదేనని ఆ కేసులో స్పష్టం చేసింది. కొల్లేరు విషయంలో ఇది మరీ ముఖ్యం. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి నేల ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. మీ పైపు చివర ఆ కాంటూరుకు ఎంత దూరమో సర్వేయరుతో కొలిపించి పటంలో చూపించండి. లోపల పడిందంటే ఈ స్థలం వదులుకోవడమే మంచిది.

రైతు గారికి ఒక మాట. సెక్షన్ 25(6) ప్రకారం ఇచ్చిన అనుమతుల షరతులన్నీ నమోదు చేసిన రిజిస్టరు మండలి ఉంచాలి, ఆ నీటి వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని చూడవచ్చు. కాబట్టి ఉత్తర్వు మీకు తెలియకుండా ఉండిపోవలసిన అవసరం లేదు. షరతులు తప్పితే సెక్షన్ 49 కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు.

విశ్రాంత_ఇంజనీరు

న్యాయపథం గారు నీటి లెక్క కుదరాలన్నారు. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే కనుక కొంత వివరంగా చెబుతాను. బోరు నుంచి తోడే నీరు ఎంత, అందులో బాయిలరుకు, కూలింగ్‌కు, కడుగుళ్ళకు, మరుగుదొడ్లకు ఎంతెంత, వాటిలో ఆవిరైపోయేది ఎంత, ఈటీపీకి వచ్చేది ఎంత అన్నది ఒక పేజీలో కలిసిరావాలి. ఒకచోట 90 తోడుతున్నామని, మరోచోట 40 మాత్రమే వదులుతున్నామని రాసి, మిగతా 50 ఎటు పోయిందో చెప్పకపోతే తనిఖీకి వచ్చిన ఇంజనీరు మొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది. బోరు దగ్గర, ఈటీపీ లోపలికి వచ్చేచోట, బయటికి పోయేచోట మీటర్లు పెట్టండి.

ఈటీపీకి విడి కరెంటు మీటరు కూడా ఉత్తర్వులో షరతుగా వస్తుంది. దాని ప్రయోజనం చిన్నదని అనుకోకండి. 10 హార్స్‌పవర్ ఏరేటర్ రోజుకు 20 గంటలు తిరిగితే దాదాపు 150 యూనిట్లు, నెలకు 4,500 యూనిట్లు కాలాలి. లాగ్‌బుక్‌లో ఇరవై గంటలు అని రాసి, మీటరులో నెలకు 900 యూనిట్లు ఉంటే ఇక నమూనా తీయవలసిన పని కూడా లేదు. సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు తరువాత, పనిచేస్తున్న ఈటీపీ లేని పరిశ్రమకు నడిచే హక్కు లేదు. నోటీసు గడువు ముగిశాక కరెంటు తీసేయమని అందులో ఆదేశించారు.

సీఎఫ్‌ఓ వచ్చాక కూడా మరచిపోకూడని తేదీలు ఉంటాయి. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 30లోపు పర్యావరణ నివేదిక సమర్పించాలి. గడువు ముగియడానికి 120 రోజుల ముందు పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలన్న షరతును ఉత్తర్వులో వెతికి క్యాలెండరులో రాసుకోండి.

పాడిపంట_ఏలూరు

ఈ సమాధానాలు చదివిన తరువాత భాగస్వాములం కూర్చుని మాట్లాడుకున్నాము. విరుగుడు నీళ్ళు పూర్తిగా విడిగా తీసుకెళ్ళేలా చూస్తాము. వ్యర్థజలాన్ని 40 కిలోలీటర్లకు తగ్గించవచ్చని యంత్రాలవారు అంటున్నారు. శుద్ధి చేసిన నీటిని డ్రెయిన్‌లోకి వదలకుండా సొంతంగా గడ్డి పెంచితే ఎలా ఉంటుందని మాలో ఒకరి ప్రశ్న. అప్పుడు ఈ అనుమతి గొడవే ఉండదా?

ప్రయోగశాల_కాకినాడ

అనుమతి ఉండాల్సిందే. నేలమీదికి వదిలినా సెక్షన్ 25 వర్తిస్తుంది, ప్రమాణం మాత్రమే మారుతుంది. సాగుకు వాడే నీటిలో బీఓడీ 100 వరకు, తేలియాడే ఘనపదార్థాలు 200 వరకు ఉండవచ్చు.

లెక్క చూస్తే, పైరు రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకుంటే 40 కిలోలీటర్లకు రెండెకరాలు, 60కి మూడెకరాల గడ్డి కావాలి. భూమి దొరకడం మీకు కష్టం కాకపోవచ్చు కానీ నేల స్వభావం చూసుకోవాలి. మీ ప్రాంతంలోని నల్లరేగడిలో నీరు ఇంకడం నిదానం. మీరు కడుగుళ్ళకు వాడే కాస్టిక్ సోడాలోని సోడియం ఆ నేలలో పేరుకుంటే మట్టి బిగుసుకుపోయి కొన్నేళ్ళకు గడ్డి కూడా మొలవదు. కనుక కాస్టిక్ ద్రావణాన్ని ఒకసారి వాడి పారబోయకుండా ట్యాంకులో నిలిపి మళ్ళీ వాడే ఏర్పాటు చేయండి. ఏడాదికొకసారి నేల పరీక్ష చేయించి సోడియం నిష్పత్తి చూసుకోండి. ఇక జులై నుంచి అక్టోబరు వరకు తడిసి ముద్దయిన నేలకు మీ నీరు అక్కర్లేదు, పెట్టినా పారి డ్రెయిన్‌లోకే పోతుంది.

విశ్రాంత_ఇంజనీరు

ప్రయోగశాల వారి మాటకు కొనసాగింపుగా ఒక సూచన. ఒకే దరఖాస్తులో రెండు మార్గాలూ అడగండి. డ్రెయిన్‌లో నీరు తక్కువగా ఉండే వేసవిలో మొత్తం గడ్డికి, వానాకాలంలో ఎంతవరకు డ్రెయిన్‌లోకి అన్నది నెలలవారీగా రాసి, రెండు పైపులకూ వేర్వేరు మీటర్లు చూపించండి. నాణ్యత మాత్రం ఏడాది పొడవునా డ్రెయిన్ ప్రమాణానికే, అంటే 30కే ఉంచండి. గడ్డికి 100 చాలు కదా అని ఏరేటర్లు తగ్గించుకుంటే, వాన పడిన రోజు ఈటీపీని ఒక్కసారిగా 30కి తేలేరు. నమూనా తీసే చోటు రెండు పైపులు విడిపోవడానికి ముందే ఉండాలి. రైతు గారి అభ్యంతరానికి ఇంతకన్నా సరైన జవాబు నాకు తోచడం లేదు.

డ్రెయిన్_పక్క_రైతు

వేసవిలో డ్రెయిన్‌లోకి వదలబోమని దరఖాస్తులోనే రాస్తే మాకు అభ్యంతరం లేదు. మరొక్క కోరిక ఉంది. ప్రతి నెలా చేయించే పరీక్ష ఫలితం నకలు పంచాయతీ బోర్డు మీద పెట్టించండి. మా పిల్లలు చదువుకున్నవాళ్ళే, 30 దాటిందో లేదో చూసి చెప్పగలరు.

పాడిపంట_ఏలూరు

పెట్టిస్తాము. ఆ మాట కూడా మా తరఫు హామీగా దరఖాస్తులో రాస్తాము. ఇంజనీరు గారు చెప్పిన నెలలవారీ పట్టికతో కొత్త ముసాయిదా తయారు చేయమని కన్సల్టెంటుకు చెప్పాము. కాంటూరు సర్వే వచ్చాకే రిజిస్ట్రేషన్ అని స్థలం యజమానికి కూడా తెలియజేశాము. ఇప్పుడు డ్రెయిన్ నీటి పరిస్థితి ఎలా ఉందో ముందే పరీక్ష చేయించి పెట్టుకోవడం మంచిదా?

ప్రయోగశాల_కాకినాడ

తప్పకుండా చేయించండి. రేపు డ్రెయిన్ పాడైందని ఎవరైనా అన్నప్పుడు, మీరు రాకముందు ఎలా ఉండేదో చెప్పే ఆధారం అదొక్కటే. అది మీకెంత రక్షణో కింది రైతులకూ అంతే రక్షణ. మీ పైపు రాబోయే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, పెద్ద డ్రెయిన్‌లో కలిసే చోట ఒకటి చొప్పున, కాలువలు కట్టేసిన కాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి నమూనాలు తీయించండి. గుర్తింపు పొందిన ప్రయోగశాల మనిషే వచ్చి తీయాలి, సీసాలో మీరు పట్టి పంపితే ఆ ఫలితానికి విలువ ఉండదు.

తీసేటప్పుడు రైతు గారు కూడా దగ్గరుంటే మంచిది. బీఓడీ నమూనాను ఐస్ పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టాలి. 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచాలి కనుక ఫలితం అంతకు ముందు రాదు, మరునాడే నివేదిక ఇస్తామనేవారిని నమ్మకండి. కరిగిన ఆక్సిజన్‌కు మాత్రం ఐస్ పెట్టె సరిపోదు. గాలి బుడగ లేకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలను గట్టు మీదే కలిపి మూత బిగించాలి. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఆ రంగు అక్కడున్న అందరికీ కనిపిస్తుంది కనుక, నమూనా తీసిన సమయం, స్థలం రాసిన కాగితం మీద అప్పుడే ఇరువైపులా సంతకాలు చేయించుకోండి.